ఆ పిట్ట మా గెట్టు పంచాయితీలో దూరింది

హనుమకొండ దగ్గరి ధర్మసాగర్ వైపు పత్తి చేను పక్కన కరెంటు తీగ మీద, కళ్ళ మీదుగా నల్ల పట్టీ ఉన్న పిట్ట కనిపించిందని, అదేమిటని ఒకరు అడిగారు. అది ష్రైక్, మిడతల్నీ తొండల్నీ వేటాడే చిన్న పిట్ట. ఏ ష్రైక్ అనేది పట్టీని బట్టి తేలదు, వీటన్నిటికీ అది ఉంటుంది. ఎగిరేటప్పుడు తోక మొదలయ్యే చోటు చూడాలి. అక్కడ తెల్లగా ఉంటే బే బ్యాక్డ్ ష్రైక్, ఇటుక రంగుంటే లాంగ్ టెయిల్డ్. మొదటిది పిచ్చుక కంటే కాస్త పెద్దది, వీపు వక్క రంగు. రెండోది తోకతో కలిపి గోరింక అంత. చలికాలంలో వచ్చిపోయే బ్రౌన్ ష్రైక్ ఇంకోటుంది, దానికి తలా వీపూ గోధుమ రంగే.

నాకు ఈ పిట్ట పరిచయం పదిహేనేళ్ళ కింద. మా గెట్టు మీది తుమ్మ కంపకు చిన్న తొండ గుచ్చి ఉంది. ముల్లు మెడలో దిగి అటువైపు తేలింది. పక్క ముళ్ళకు రెండు మిడతలు, ఒకటి ఇంకా కాలు ఆడిస్తోంది. మా అమ్మ చేతిలో సద్ది గిన్నె జారిపోయింది. పక్క చేను పెద్దనాయనతో అప్పటికే గెట్టు పంచాయితీ నడుస్తోంది. ఇంకేముంది, "చేతబడి చేసిండు" అని తేల్చేసింది. బాపు ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే వేప చెట్టు కింద కూర్చున్నాను. పిట్ట వచ్చి కొక్కెం లాంటి ముక్కుతో తొండను చీల్చి తిని, తీగెక్కి గరగరా అరిచింది. గద్దకున్నట్టు దీని కాళ్ళల్లో పట్టు లేదు, అందుకే ముల్లుకు గుచ్చి తింటుంది, మిగిలింది అక్కడే దాచుకుంటుంది. అమ్మను పిలిచి చూపిస్తే, "మరి ఆ పిట్టను పంపిందెవడు?" అంది.

నన్నడిగితే ఇది చేను పిట్ట కాదు, గెట్టు పిట్ట. ఇప్పుడు గెట్టంటే అందరికీ కంటగింపే. జానెడు జాగా కలుస్తుందని జేసీబీ పెట్టి కంపంతా ఊడ్చేసి, కడీలు పాతి ముళ్ళ తీగ లాగుతున్నారు. తీగకైనా మిడతను గుచ్చుతుంది సరే, గూడెక్కడ కట్టాలి? దసరా నాడు పాలపిట్ట కోసం ఊరంతా తలలెత్తి తీగలు చూస్తుంది. అదే తీగ మీద ఇది కూర్చుంటే ఒక్కరూ పట్టించుకోరు.

ఈసారి పోతే తీగను వదిలేసి దాని కింద కంపలో, ముళ్ళకు గుచ్చినవేమైనా ఉన్నాయేమో వెతకండి. మా గెట్టు మీద ఆ ఒక్క కంప ఇంకా ఉంది. దాన్ని ముట్టుకుంటే ఏమవుతుందోనని అమ్మ ఎవరినీ నరకనివ్వదు.