టిఫిన్ బండి వచ్చేలోపు

చిన్నీ,

నర్సింగ్‌లో మందుల సబ్జెక్టు, ఫార్మకాలజీ అంటేనే టెన్షన్‌గా ఉందని మొన్న ఫోన్‌లో అన్నావు. కడుపు మందులు, షుగరు మందులు, థైరాయిడ్ మందులు పుస్తకంలో మూడు వేరే చాప్టర్లు. మెడికల్ వార్డులో మాత్రం ఒకే మనిషికి మూడూ ఉంటాయి, అదీ పొద్దున్నే. అందుకని వాటిని జబ్బుల వారీగా కాకుండా టిఫిన్‌కి ముందు, టిఫిన్‌తో, టిఫిన్ తర్వాత అని విడగొట్టుకుని చదువు. నేను రిటైరయ్యేదాకా అలాగే నెట్టుకొచ్చాను.

అన్నిటికంటే ముందు థైరాక్సిన్, థైరాయిడ్ తక్కువగా పనిచేసేవాళ్లకి ఇచ్చే మాత్ర. ఖాళీ కడుపున, మంచినీళ్లతో. ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా ఏమీ వద్దు. మనవాళ్లు కాఫీని తిండి కింద లెక్కేయరు కనుక "ఏమైనా తిన్నారా" అని అడగకు, "కాఫీ తాగారా" అని అడుగు. ఐరన్, కాల్షియం మాత్రలకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భిణులకు తరచూ ఈ మూడూ రాసి ఉంటాయి. పని అయిపోతుందని ఒకే గుక్కలో మింగేస్తారు, తర్వాత థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ ఎందుకు తగ్గలేదా అని అందరం తల పట్టుకుంటాం. డోసు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, 25కీ 125కీ తేడా ఒక్క అంకె, స్ట్రిప్ మీద వేలు పెట్టి చదువు. వారం వాడినా నీరసం పోలేదని విసుక్కుంటే, ఈ మందు నెమ్మదిగా పనిచేస్తుందనీ, ఆరు నుంచి ఎనిమిది వారాలకు గానీ మళ్లీ పరీక్ష చేయరనీ చెప్పు. గుండె జబ్బున్న పెద్దవాళ్లకైతే పల్స్ చూడు. దడ, ఛాతీనొప్పి అంటే డాక్టరుకి చెప్పాకే మాత్ర.

థైరాయిడ్ ఎక్కువైనందుకు కార్బిమజోల్ వాడేవాళ్లు గొంతునొప్పి, జ్వరం అన్నారా, పారాసెటమాల్ ఇచ్చి ఊరుకోకు. తెల్లకణాలు పడిపోయి ఉండొచ్చు. ఆ పూట మాత్ర ఆపి వెంటనే డాక్టరుకి చెప్పు, రక్తపరీక్ష రాస్తారు.

కడుపులో ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్ టిఫిన్‌కి అరగంట ముందు. మనం తినేటప్పుడే కడుపులో ఆమ్లం పంపులు జోరుగా నడుస్తాయి, మందు అప్పటికే రక్తంలో ఉండాలి. తిన్నాక ఇస్తే సగం వృథా. రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) ఉన్నవాళ్లకి ఈ మాత్ర నూరి పోయకు, పైపూత పోతే మందు కడుపులోనే చెడిపోతుంది. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ ఒకటి రెండు నిమిషాలు పట్టేలా నెమ్మదిగా చెయ్యి. కుర్రవాళ్లలో మెడ వంకరపోయి, కళ్లు పైకి తేలిపోవడం చూస్తావు. ఇంట్లోవాళ్లు ఫిట్స్ అనో, గాలి సోకిందనో కంగారు పడతారు. అది ఆ మందు వల్లే, విరుగుడు ఇంజెక్షన్ ఉంది, భయం లేదు. లివర్ పాడైనవాళ్లకి లాక్టులోజ్ అనే విరేచనం మందు రాస్తే, విరేచనాలవుతున్నాయని అటెండెంట్లే ఆపేస్తారు. రోజుకి రెండు మూడు సార్లు మెత్తగా అవ్వాలనే అది ఇస్తున్నామని ముందే చెప్పు.

షుగరు మాత్రల్లో మెట్‌ఫార్మిన్ తిండితో పాటు గానీ తిన్న వెంటనే గానీ. వాంతులవుతున్నా, కిడ్నీ రిపోర్టు బాగోకపోయినా, రంగు మందు ఎక్కించే స్కాన్ ఉన్నా డాక్టరుని అడగకుండా ఇవ్వకు. ఇంకో షుగరు మాత్ర వోగ్లిబోస్ సరిగ్గా తినబోయే ముందు. అది వాడేవాళ్లకి షుగరు పడిపోతే పంచదార నోట్లో పోసి లాభం లేదు, పంచదారని విడగొట్టే పనినే ఆ మందు ఆపుతుంది. గ్లూకోజ్ పొడి కావాలి.

ఇక ఇన్సులిన్. నా ఉద్యోగం రెండో ఏడులో ఒకామెకి ఏడుంబావుకి రెగ్యులర్ ఇన్సులిన్ చేశాను. టిఫిన్ బండి రాకముందే స్కానింగ్‌కి తీసుకెళ్లారు, అక్కడ పెద్ద లైను. తొమ్మిదిన్నరకి వీల్‌చైర్లో తిరిగొచ్చేసరికి జాకెట్టు తడిసిపోయేంత చెమట, మాట ముద్దగా వస్తోంది. వేలి రక్తపు చుక్కతో చూసే షుగరు (జీఆర్‌బీఎస్) 42. చేతి నరంలో కాన్యులా (సన్న గొట్టం) ఉండబట్టి 25 శాతం డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్, ఎక్కించి నిలబెట్టాం. ఆ రోజు నుంచి ప్లేటు కంటికి కనిపించాకే త్వరగా పనిచేసే రాపిడ్ ఇన్సులిన్, టిఫిన్ అరగంటలో ఖాయం అని తెలిశాకే రెగ్యులర్. కార్తీక సోమవారాలు మరీ జాగ్రత్త. ఉపవాసం సంగతి ఇంజెక్షన్ అయ్యాకే చెప్తారు.

షుగరు 70 కంటే తక్కువుండి తెలివిలో ఉంటే మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించు, పదిహేను నిమిషాలకి మళ్లీ చూడు. గ్లిమిపిరైడ్ అనే షుగరు మాత్ర వాడే ముసలివాళ్లకి ఒకసారి పెరిగింది కదా అని వదిలేయకు, కిడ్నీలు నీరసిస్తే గంటల తర్వాత మళ్లీ పడిపోతుంది. నైట్ డ్యూటీ వాళ్లకి నోటితో కూడా చెప్పి వెళ్లు.

సిరంజి దగ్గరే కొత్తవాళ్లు బోల్తా పడతారు. ఎర్ర టోపీది మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కి, నారింజ టోపీది 100 ఉండేదానికి. 100 ఇన్సులిన్‌ని ఎర్ర టోపీ సిరంజిలో పది గీత దాకా లాగావంటే అది పది కాదు, ఇరవై అయిదు యూనిట్లు. ఇన్సులిన్ పెన్ను కాట్రిడ్జ్‌లోంచి సిరంజితో లాగే అలవాటు ఎవరైనా నేర్పితే నేర్చుకోకు.

మీ వార్డు ఫ్రిజ్‌లో ఉన్న ఇన్సులిన్ వయల్స్ (బుడ్లు) 40వో 100వో, రేపు డ్యూటీ ఎక్కగానే చూసి నాకు మెసేజ్ పెట్టు.

మీ పెద్దమ్మ