పంపు సంగతి తర్వాత, ముందు వైరు పీకి చూడు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక "నీ మేనకోడలు అచ్చం నీ దారే పట్టిందిరా, గదినిండా వైర్లే, మొక్కలకి దానంతటదే నీళ్ళు పోసే మిషన్ చేస్తోందట, అది అయ్యాక పైన ట్యాంకు మోటారు కూడా దానికే తగిలిస్తుందట" అంది. అప్పట్నుంచి నిద్ర లేదు నాకు. ఓ పక్క పొంగిపోతున్నా, ఇంకో పక్క ఆ "మోటారు కూడా" అన్న మాట దగ్గర గుండె ఆగింది. ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ (సెన్సర్లు, మీటర్ల పని) చేసిన మావయ్యని పెట్టుకుని ఒక్క ముక్క చెప్పలేదేమే నువ్వు? సర్లే, చెప్తే క్లాసు పీకుతానని భయపడి ఉంటావు. ఇప్పుడు పీకుతా, కూర్చుని చదువు.

"సోల్డరింగ్ కూడా అక్కర్లేదంట, పిల్లలాటలాగా గుచ్చేయడమేనంట" అని కూడా చెప్పింది అక్క. నిజమే, మా రోజుల్లో ఒక సెన్సర్ పనిచేయాలంటే రెండ్రోజులు సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చోవాలి, ఇప్పుడు ఒక కంట్రోలర్ బోర్డు, నాలుగు మాడ్యూళ్ళు, నాలుగు కేబుళ్ళు, అరగంటలో స్క్రీన్ మీద నంబర్లు వచ్చేస్తాయి. నాకు కుళ్ళుగానే ఉంది. కానీ అరగంటలో అయిపోయే పని కాబట్టే ఆలోచించాల్సినవి కూడా అరగంటలో దాటేస్తాం, నా భయమంతా అదే.

నీకు తెలిసినవి గబగబా అనేస్తా. బోర్డు 3.3 వోల్టులదా 5 వోల్టులదా చూసుకో, నీది ఇఎస్‌పి32 బోర్డు అంటున్నారు, అది 3.3 వోల్టులది, కాబట్టి 5 వోల్టుల సిగ్నల్ దాని పిన్‌కి డైరెక్టుగా ఇవ్వకు. అన్నిటికీ గ్రౌండ్ కలిసి ఉండాలి. వైఫై ఆన్ చేస్తే దాంట్లో ఏడీసీ2 పిన్నులు (వోల్టేజీని నంబరుగా చదివే పిన్నుల్లో రెండో గుంపు) రీడింగ్ ఇవ్వవు, మట్టి తేమ చూసే సెన్సర్‌ని ఏడీసీ1 పిన్నుల్లోనే పెట్టు. రంగుల్ని నమ్మకు, ఈ గుచ్చే కేబుళ్ళు గ్రోవ్, క్విక్ అని రెండు రకాలు, గ్రోవ్ కేబుల్లో పసుపు క్లాకు (టైమింగు తీగ), తెలుపు డేటా, క్విక్ కేబుల్లో పసుపు క్లాకే గానీ డేటా నీలం. ఎరుపు (పవర్), నలుపు (గ్రౌండ్) రెండిట్లోనూ ఒకటే, కానీ ఎవరో అమ్మే చవక కేబుల్లో అదీ గ్యారంటీ లేదు, మీటర్ పెట్టి చూసుకో.

ఐ2సి, అంటే మాడ్యూళ్ళన్నీ అవే రెండు తీగల మీద బోర్డుతో మాట్లాడుకునే పద్ధతి, దాని గురించి మాత్రం కాస్త ఆగు. గొలుసులాగా ఒకదాని వెనక ఒకటి ఎన్నైనా తగిలించుకోవచ్చని డబ్బా మీద రాసుంటుంది కదా, అది సగం నిజం. 1982లో ఫిలిప్స్ వాళ్ళు దీన్ని తయారుచేసింది టీవీ లోపల ఒకే బోర్డు మీదున్న చిప్పులు మాట్లాడుకోవడానికి, గది ఈ మూల నుంచి ఆ మూలకి లాగడానికి కాదు. మొత్తం లైను మీద 400 పికోఫారడ్ల కన్నా ఎక్కువ కెపాసిటెన్స్ (తీగల్లో ఛార్జి నిలవుండే గుణం) ఉండకూడదని రూలు, కేబుల్ పొడుగయ్యేకొద్దీ అది పెరుగుతుంది, ముందు అప్పుడప్పుడు ఒక రీడింగ్ తప్పుతుంది, తర్వాత ఏదో ఒక అర్ధరాత్రి ఆ లైను మొత్తం బిగుసుకుపోతుంది. ఇంకోటి, ప్రతి మాడ్యూల్ మీదా పుల్లప్ రెసిస్టర్లు (లైన్ని పైకి, 3.3 వోల్టులకి లాగి ఉంచేవి) ఉంటాయి, 4.7 కిలోఓములవి అనుకో, ఐదు మాడ్యూళ్ళు తగిలిస్తే అన్నీ పారలల్ అయిపోయి 940 ఓములు, అంటే లైన్ని కిందకి లాగాలంటే చిప్పు మూడున్నర మిల్లీఆంపియర్లు లాగాలి, మామూలు స్పీడు ఐ2సిలో చిప్పు లాగగలదని గ్యారంటీ ఇచ్చేది మూడే. నడుస్తుంది, నడవదని కాదు, కానీ నడిచినన్నాళ్ళు నడుస్తుంది. రెండు మాడ్యూళ్ళ మీద పుల్లప్ జంపర్లు (ఆ రెసిస్టర్లని లైనుకి కలిపే చిన్న అతుకులు) కోసెయ్. ఒకే అడ్రసున్న రెండు సెన్సర్లు పెట్టకు, గాలిలో వేడి, తేమ చూసే బిఎంఇ280 సెన్సర్‌కి హెక్సులో 76, 77 రెండే అడ్రసులు, మూడోది కావాలంటే మధ్యలో మల్టిప్లెక్సర్ (లైన్ని విడివిడి దారులుగా చీల్చే చిప్పు) పెట్టాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయడానికే కూర్చున్నా, మిగతాదంతా దీన్ని వాయిదా వెయ్యడానికి రాసినట్టున్నా.

నీకు ఏడేళ్ళప్పుడు మీ ఇంట్లో చేపల తొట్టి ఉండేది గుర్తుందా? ఐదు చేపలు, అన్నిటికీ నువ్వే పేర్లు పెట్టావు, అందులో తోక చిరిగిన దానికి నా పేరు. ఆ చలికాలం మీ నాన్న "నీళ్ళు చల్లబడుతున్నాయి బావా" అన్నాడని నేను పెద్ద ఇంజనీర్ని అయిపోయి ఒక ఆర్డ్వినో (నీ బోర్డులాంటిదే), టెంపరేచర్ చూసే ఒక డిఎస్18బి20 సెన్సర్, ఒక రిలే మాడ్యూల్ (బోర్డు చెప్తే ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్) తెచ్చి పెట్టా. అప్పటికే ఆ తొట్టిలో ఉన్న హీటర్‌కి లోపలే థర్మోస్టాట్ (వేడెక్కితే దానంతటదే హీటర్‌ని ఆపే రేకు ముక్క) ఉండేది. దాన్ని తీసి పక్కన పడేసి, థర్మోస్టాట్ లేని హీటర్ పెట్టా, నా ప్రోగ్రాం ఉండగా ఆ రేకు ముక్కతో పనేంటి అని. ప్రోగ్రాం రెండే లైన్లు, 25 డిగ్రీల కన్నా తక్కువైతే హీటర్ ఆన్, ఎక్కువైతే ఆఫ్. రెండు వారాలు గడియారంలా పనిచేసింది. మీ నాన్న వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.

ఓ సాయంత్రం తొట్టి అద్దం తుడుస్తూ ఎవరో సెన్సర్ వైరుని కొంచెం లాగారు. పూర్తిగా కూడా ఊడలేదు, ప్లగ్గు సగం బయటికొచ్చింది అంతే. ఆ సెన్సర్‌ని చదవడానికి నేను వాడిన లైబ్రరీలో (రెడీమేడ్ ప్రోగ్రాం ముక్కలో) సెన్సర్ దొరక్కపోతే వచ్చే నంబర్ ఏంటో తెలుసా, మైనస్ 127. అది టెంపరేచర్ కాదు, "సెన్సర్ లేదు" అని చెప్పడానికి పెట్టుకున్న గుర్తు. కానీ నా ప్రోగ్రాంకి అదేం తెలుసు, మైనస్ 127 అంటే 25 కన్నా తక్కువే కదా, పాపం నీళ్ళు గడ్డకట్టుకుపోతున్నాయి అనుకుని హీటర్ వేసింది, మళ్ళీ చూసింది, ఇంకా మైనస్ 127, ఇంకా వేసే ఉంచింది. రాత్రంతా. పొద్దున్నే మీ నాన్న ఫోన్ చేస్తే పరిగెత్తుకొచ్చా, నీళ్ళలో చెయ్యి పెడితే వెచ్చగా స్నానం నీళ్ళలా ఉన్నాయి.

నా ఖర్మ ఏంటంటే, ఇది తెలియని వాడు చేస్తే సరే అనుకోవచ్చు. నేను పొద్దున లేస్తే ఫ్యాక్టరీలో చూసేది 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల లూపులు, అంటే సెన్సర్ రీడింగుని కరెంటుగా పంపే వైర్లు. సున్నా నుంచి కాకుండా 4 నుంచి ఎందుకు మొదలుపెడతారు? ట్యాంకు ఖాళీగా ఉన్నా 4 వస్తుంది, వైరు తెగితేనే సున్నా వస్తుంది, అంటే "ఏమీ లేదు" అనే రీడింగుకీ "నేను చచ్చిపోయా" అనే సిగ్నలుకీ తేడా తెలియాలని. 3.6 కన్నా తగ్గితే ఫాల్టు కింద లెక్క. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి బోర్డు మీద గీసి మరీ చెప్పేవాణ్ణి. అదే నేను ఇంటికొచ్చి ముద్దుగా, రంగురంగుల ప్లగ్గులతో ఉన్న బోర్డు చూసేసరికి ఆ బుద్ధంతా గేటు దగ్గర వదిలేశా. ఇది బొమ్మ కదా అనుకున్నా. హీటర్‌కి అది బొమ్మని తెలియదు.

ఇంకా ఉంది. నువ్వు నిద్రకళ్ళతో వచ్చి తొట్టి చూసి ఏడవలేదు, నా షర్టు పట్టుకుని "నేను నిన్న మేత ఎక్కువ వేశా మావయ్యా, అందుకేనా?" అని అడిగావు. నేను నిజం చెప్పలేదు. "అయ్యుండొచ్చు తల్లీ, ఈసారి తక్కువ వేద్దాం" అన్నా. రిలే బాక్సు అప్పటికే నా సంచిలో ఉంది. తర్వాత ఎన్నిసార్లు కొత్త చేపలు కొందామన్నా వద్దన్నావు, నాకు పెంచడం రాదు అన్నావు. పదిహేనేళ్ళయింది. నువ్వేం చెయ్యలేదే, నేను చేశా. ఇది ఫోన్లో చెప్పే ధైర్యం నాకు లేదు, అందుకే రాస్తున్నా.

సరే. ఇప్పుడు నీ మిషన్‌కి రా.

నీ మట్టి సెన్సర్ కెపాసిటివ్ రకం అయితే (రెండు పుల్లలు మట్టిలో గుచ్చే రెసిస్టివ్ రకం వద్దు, కొన్ని వారాల్లో తుప్పు తినేస్తుంది) అది ఎండితే పెద్ద నంబర్, తడిస్తే చిన్న నంబర్ ఇస్తుంది. ఇప్పుడు ఆ వైరు ఊడితే పిన్ను గాల్లో వేలాడుతూ దాని ఇష్టమొచ్చిన నంబర్ చూపిస్తుంది, అది "ఎండింది" వైపు పడిందనుకో, నీ పంపు నా హీటర్‌లాగే నడుస్తూనే ఉంటుంది. అందుకని ఆ పిన్ను నుంచి గ్రౌండ్‌కి ఒక మెగాఓమ్ రెసిస్టర్ పెట్టు, వైరు ఊడితే సున్నాకి పడిపోతుంది. అది పెట్టాకే కాలిబ్రేట్ చెయ్యి: సెన్సర్‌ని గాల్లో పట్టుకుని ఎంతో, నీళ్ళ గ్లాసులో ముంచి ఎంతో రాసుకో. మట్టిలో ఉన్నది ఎప్పుడూ ఆ రెండిటి మధ్యే ఉండాలి. గ్లాసు నీళ్ళ కన్నా తక్కువ వచ్చిందా, వైరు ఊడింది. గాల్లో ఉన్నంత వచ్చిందా, పిల్లి పీకి బయట పడేసింది. రెండిట్లో ఏదైనా పంపు ఆపి లైటు వెలిగించు, "ఎండింది" అనుకుని నీళ్ళు పోయకు. అన్నీ బాగానే ఉండి, పంపు ఒకసారి నడిచి ఆగాక అరగంటైనా తేమ నంబర్ కదల్లేదంటే ఇక మళ్ళీ వెయ్యకు, నీళ్ళు మట్టిలోకి కాదు ఇంకెక్కడికో పోతున్నాయి.

ఏ సెన్సర్ ఏం చెప్పినా సరే పంపు ఒక్కసారికి నలభై సెకన్లు మించి నడవకూడదు, రోజుకి ఇన్నిసార్లు మించి నడవకూడదు. ఆ లెక్క ఫ్లాష్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) దాచు, లేకపోతే బోర్డు రీసెట్ అయినప్పుడల్లా మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. వాచ్‌డాగ్ (ప్రోగ్రాం బిగుసుకుపోతే బోర్డుని రీసెట్ చేసే టైమరు) ఆన్ చెయ్యి. రిలే మాడ్యూళ్ళు చాలావరకు పిన్ను లోలో (సున్నా వోల్టుల దగ్గర) ఉంటే ఆన్ అయ్యేవి, బోర్డు లేచే ఆ క్షణంలో టక్కుమని పంపు ఒకసారి వేస్తాయి, అందుకని పిన్ను ముందు హై చేసి ఆ తర్వాతే అవుట్‌పుట్ అని చెప్పు. ఇవన్నీ ప్రోగ్రాం సంగతులు. ప్రోగ్రాంని నమ్మకుండా చేసేది ఒకటుంది, అది నాకు అన్నిటికన్నా ఇష్టం: బకెట్లో నేలమీద పడినా ఒక గుడ్డతో తుడుచుకోగలిగినన్ని నీళ్ళే పెట్టు. నేను పారేసిన ఆ రేకు ముక్క థర్మోస్టాట్ కూడా అలాంటిదే.

ట్యాంకు మోటారు మాత్రం ఇప్పుడే వద్దు. బతిమాలుతున్నా. మొక్కలకి 12 వోల్టుల చిన్న పంపు పెట్టుకో, తడి చేత్తో ముట్టుకున్నా నాకు భయం లేదు. మెయిన్స్ (ఇంటి కరెంటు) మోటారు వేరు. ఆ నీలం రంగు రిలే మీద 10 ఆంపియర్లు అని రాసుంటుంది, అది బల్బులాంటి లోడుకి రాసిన నంబర్ కూడా కాదు, హీటర్‌లాంటి వాటికి రాసింది. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలుగా తీసుకునేదానికి ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, కొన్నాళ్ళకి లోపల కాంటాక్టులు వెల్డింగ్ పెట్టినట్టు అతుక్కుపోతాయి, అప్పుడు నీ ప్రోగ్రాం ఆఫ్ అన్నా రిలే వినదు. దానికి కాంటాక్టర్ (మోటార్ల కోసమే చేసిన పెద్ద రిలే) కావాలి, నీ మాడ్యూల్ ఆ కాంటాక్టర్‌ని మాత్రమే నడపాలి, ముందు ఈఎల్‌సిబి (కరెంటు లీకైతే సప్లై కట్ చేసేది) ఉండాలి, చేత్తో ఆపే స్విచ్ ఒకటి విడిగా ఉండాలి, ఆ వైరింగ్ లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చెయ్యాలి. నాకు చేతకాక కాదు, నీకు చేతకాక కాదు. నీళ్ళూ మెయిన్సూ ఒకే చోట ఉంటే నాకు నిద్రపట్టదు, అంతే. ట్యాంకు నిండితే చెప్పే ఫ్లోట్ స్విచ్ (నీళ్ళ మీద తేలే స్విచ్) కూడా నిండినప్పుడు తెరుచుకునేలా, అంటే సర్క్యూట్ తెగేలా పెట్టించు, వైరు తెగినా "నిండింది" అనుకుని మోటారు ఆగిపోవాలి.

అంతా అయ్యాక, పంపు నడుస్తుండగా, ఒక్కో కేబుల్‌నీ నీ చేత్తో పీకు. మట్టి సెన్సర్ది పీకు, డిస్‌ప్లేది పీకు, ఐ2సి గొలుసులో మధ్యది పీకు, పవర్ తీసి పెట్టు. ప్రతిసారీ పంపు ఏం చేసిందో నోట్‌బుక్‌లో రాసుకో. నడిచినప్పుడు చూసుకుని మురిసిపోవడం కాదు, ఇది చెయ్యి. చేసే రోజు నాకు వీడియో కాల్ చెయ్యి, నేను పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. చేపల సంగతి మీ అమ్మకి నేనే చెప్తా, నువ్వు చెప్పకు.

మీ మావయ్య

అన్నట్టు మర్చిపోయా, నీళ్ళు పోసే ట్యూబ్ చివర బకెట్లో నీళ్ళ మట్టం కన్నా కింద ఉంటే పంపు ఆగినా సైఫన్‌లాగా బకెట్ మొత్తం ఖాళీ అయ్యేదాకా పారుతూనే ఉంటుంది, అది ఏ ప్రోగ్రామూ ఆపలేదు. బకెట్ నేలమీద పెట్టి కుండీలు పైన పెట్టు.