పాత దుస్తుల్లో ముందు గుడ్డ బలం చూడండి

వింటేజ్ దుస్తులు కొనేటప్పుడు ఏమేం చూడాలి, అవి నిజంగా పాతవో కాదో ఎలా తెలుసుకోవాలి, తెచ్చాక ఎలా ఉతకాలి అని అడిగారు. చాలాకాలంగా కొని వాడుతున్నాను కాబట్టి నా పద్ధతి చెబుతాను.

మరక కనబడితే చాలామంది వెనకాడతారు. నాకు మరక కంటే గుడ్డ చివికిందా లేదా అన్నదే ముఖ్యం. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పలచబడిన చోట్లు, పురుగు కొట్టిన చిల్లులు బయటపడతాయి. తరువాత చంకల భాగం చూడండి. చెమట వల్ల ముందుగా పాడయ్యేది అక్కడే. కుట్టుకు రెండు పక్కలా పట్టుకుని మెల్లగా లాగండి. దారం తెగితే మళ్లీ కుట్టుకోవచ్చు. గుడ్డే పిగులుతుంటే సూది వేసిన ప్రతిచోటా కొత్త చిల్లు పడుతుంది, అలాంటిది వదిలేయండి.

పట్టు విషయంలో నేను మరీ మొండిగా ఉంటాను. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో, పట్టుపోగుకు సహజంగా ఉండే జిగురు తీశాక తగ్గిన బరువును పూడ్చడానికి పట్టుకు తగరం వంటి లోహాల లవణాలు ఎక్కించేవారు. అలాంటి పట్టు కట్టకుండా దాచినా మడతల వెంట చీలికలు పేలికలవుతుంది. బాగుచేసే మార్గం లేదు. ఎంత ముచ్చటగా ఉన్నా, వేసుకోవడానికైతే కొనను.

వయసు సంగతికొస్తే, నైలాన్ జిప్పులు బాగా వాడుకలోకి వచ్చింది 1960లలో. అంతకుముందు ఎక్కువగా లోహపువే. అయితే జిప్పును తరువాత ఎవరైనా మార్చి ఉండవచ్చు, లోహపు జిప్పు ఇప్పటికీ దొరుకుతుంది. అమెరికాలో 1972 నుంచి ఉతికే విధానం తెలిపే లేబుల్ తప్పనిసరి అయింది. అది కుట్టి ఉన్న అమెరికా దుస్తు బహుశా ఆ తరువాతిదే. లేబుల్ లేనంత మాత్రాన పాతదని అనుకోకండి, గుచ్చుకుంటోందని కత్తిరించేవారు బోలెడుమంది! సైజు అంకెను అసలు నమ్మకండి. మీకు సరిపోయే దుస్తును పరిచి టేపుతో కొలిచి, ఆ కొలతలతో పోల్చుకోండి.

తేగానే నీళ్లలో ముంచకండి. ముందు నీడలో గాలికి ఆరనివ్వండి, సగం వాసన అక్కడే పోతుంది. తడిపిన తెల్లగుడ్డను లోపలి కుట్టు దగ్గర అద్ది చూడండి. రంగు అంటితే ఉతకవద్దు. నూలు బట్టను చల్లటి నీళ్లలో, తేలికపాటి సబ్బుతో నానబెట్టి, నీళ్లు పచ్చబడినప్పుడల్లా మారుస్తాను. పిండను. తడిసిన బరువుకే చిరిగే ప్రమాదం ఉంది కాబట్టి కింద తువ్వాలు పరిచి, దానితో సహా పైకి తీస్తాను. రేయాన్ తడిస్తే ఇంకా బలహీనపడుతుంది. ఊలుకు, పట్టుకు క్లోరిన్ బ్లీచ్ తగలనివ్వకండి, పోగులే కరిగిపోతాయి. 1930ల నాటి చమ్కీలు కొన్ని జెలటిన్‌తో, అంటే తడికీ వేడికీ కరిగిపోయే జిగురు పదార్థంతో చేసినవి. వాటికి నీళ్లూ పనికిరావు, ఆవిరి ఇస్త్రీ కూడా పనికిరాదు.

పూసల బరువున్నవాటిని హ్యాంగరుకు తగిలించకుండా పడుకోబెట్టి, ప్లాస్టిక్ బదులు ఉతికిన నూలుగుడ్డలో చుట్టండి. ఊలును తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్లపురుగు. చెమట, జిడ్డు ఉన్నచోటు దానికి మరింత ఇష్టం కనుక శుభ్రం చేశాకే దాచాలి. కలరా ఉండల వాసన నాకు గిట్టదు. అనుమానం ఉన్న ఊలు కోటును ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో రెండు వారాలు ఉంచుతాను. బయటికి తీశాక గది వేడికి వచ్చేవరకు సంచి విప్పకండి, లేకపోతే కోటు మీద చెమ్మ పడుతుంది.