ఉద్యోగం వదిలి అమెరికా రమ్మంటున్నారు, అమ్మ సంగతేమిటి?

ప్రశ్న: నా వయసు 34. కర్నూలు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఏడేళ్లుగా స్కూల్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. మావారు మూడేళ్ల కిందట హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద డాలస్ వెళ్లారు. మాకు ఆరేళ్ల పాప ఉంది. ఈ వేసవిలో రాజీనామా చేసి, పాపను తీసుకొని, హెచ్-1బీ ఉద్యోగుల భార్యాబిడ్డలకిచ్చే హెచ్-4 వీసా మీద వచ్చేయమంటున్నారు. నాన్న లేరు. 63 ఏళ్ల అమ్మ కర్నూలు బి.క్యాంపులో నాతోనే ఉంటుంది. షుగర్, బీపీ ఉన్నాయి. తమ్ముడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. అమ్మ సంగతి అడిగితే "గ్రీన్‌కార్డు (శాశ్వత నివాస అనుమతి) పని నడుస్తోంది, అది రాగానే ఆమెనూ తెచ్చుకుందాం" అంటారు మావారు. ఆదోనిలోని అత్తమామలేమో భర్త కన్నా ఉద్యోగమే ఎక్కువైందని నలుగురిలో అంటున్నారు. నేను తప్పు చేస్తున్నానా?

జవాబు: లేదమ్మా, మీరు తప్పు చేయడం లేదు. మీవారు కోరుకున్నదీ అన్యాయం కాదు. మూడేళ్లుగా భార్యాబిడ్డలకు దూరంగా ఉన్న మనిషి, పాప చిన్నతనం ఫోన్లోనే గడిచిపోతోందని బాధపడటం సహజం. ఆ బాధను తక్కువ చేసి చూడవద్దు. అయితే ఆయన మీ ముందు రెండు వేర్వేరు విషయాలను ఒకటిగా చేసి పెడుతున్నారు. కుటుంబం ఒకచోట ఉండాలన్నది ఒకటి, అందుకోసం ఇప్పుడే రాజీనామా చేయాలన్నది మరొకటి. మొదటిదానికి సరేనన్నంత మాత్రాన రెండోదానికీ తల ఊపాలని ఎక్కడా లేదు.

ముందుగా మీ అమ్మగారి గురించి ఆయన ఇచ్చిన మాటను చూద్దాం, ఎందుకంటే మీ మనసు అక్కడే చిక్కుకొని ఉందని మీ ఉత్తరం చెబుతోంది. హెచ్-1బీ ఉద్యోగి తనపై ఆధారపడిన వారిగా భార్యను లేదా భర్తను, 21 ఏళ్లు నిండని పెళ్లికాని పిల్లలను మాత్రమే తీసుకువెళ్లగలడు; ఆ వీసాలో తల్లిదండ్రులకు చోటు లేదు. గ్రీన్‌కార్డు వచ్చాక కూడా ఈ పరిస్థితి మారదు, ఎందుకంటే తల్లిదండ్రుల శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసే హక్కు అమెరికా పౌరులకే ఉంది తప్ప గ్రీన్‌కార్డు ఉన్నవారికి లేదు. అల్లుడు పౌరుడైనా అత్తగారి కోసం దరఖాస్తు చేయలేడు; ఆమె కన్నబిడ్డగా మీరు పౌరసత్వం పొందితేనే అది సాధ్యం. సాధారణంగా గ్రీన్‌కార్డు వచ్చిన ఐదేళ్లకు గానీ పౌరసత్వానికి అర్హత రాదు. ఇక గ్రీన్‌కార్డు సంగతి చూస్తే, ఉద్యోగాల కోటా కింద ఏటా ఇచ్చే సుమారు 1,40,000 కార్డుల్లో ఒక్కో దేశంలో పుట్టినవారికి 7 శాతం అనే పరిమితి ఉన్నందున భారతీయుల వరుస చాలా పొడవుగా ఉంది. మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఎక్కువగా ఉండే ఈబీ-2, ఈబీ-3 అనే ఉద్యోగ కోటా కేటగిరీలలో 2025 చివరి నాటికి 2013లో వరుసలో చేరినవారి వంతు నడుస్తోంది. ఇదే వేగం కొనసాగితే, మీవారు ఈ ఏడాదే వరుసలో చేరారనుకున్నా, మీ అమ్మగారు కూతురి ద్వారా అక్కడ స్థిరపడే నాటికి ఆమెకు ఎనభై దాటుతాయి. మీవారు కావాలని అబద్ధం చెప్పారని నేను అనుకోను. అక్కడున్న చాలామంది మగవాళ్లు నిజంగానే గ్రీన్‌కార్డు వస్తే అందరినీ తెచ్చుకోవచ్చని నమ్ముతుంటారు. కానీ చట్టంలో లేని మాటను నమ్మి మీ అమ్మగారి ముసలితనాన్ని నిర్ణయించకూడదు.

ఆమె అక్కడికి రాగలిగేది బీ-2 సందర్శక వీసా మీద, సాధారణంగా ఒక్కో రాకకు ఆరు నెలల వరకు. షుగర్, బీపీ ఉన్న మనిషికి అక్కడ వైద్యం ఎంత ఖరీదో చెప్పనక్కర్లేదు; సందర్శకుల బీమా పాలసీలు చాలావరకు ముందునుంచే ఉన్న జబ్బుల వైద్యానికి పూర్తిగా చెల్లించవు. దీనికి తోడు, ప్రభుత్వ ఉద్యోగిగా మీకున్న ఉద్యోగుల ఆరోగ్య పథకంలో మీపై ఆధారపడిన తల్లి కూడా ఉండవచ్చు. రాజీనామాతో ఆ రక్షణ పోతుందన్న సంగతి మీ ఇంట్లో ఎవరైనా ఆలోచించారో లేదో నాకు తెలియదు గానీ, మీరు తప్పక ఆలోచించాలి.

ఇప్పుడు మీవారిని అడగవలసిన ప్రశ్న ఒకటుంది, దాన్ని కోపంగా కాక నెమ్మదిగా, రాతపూర్వకంగా అడగండి: "గ్రీన్‌కార్డు పని నడుస్తోంది" అంటే ఏ దశలో ఉంది? మొదట కంపెనీ పెర్మ్ అనే కార్మిక ధ్రువీకరణ తీసుకోవాలి, తర్వాత ఆయన కోసం కంపెనీ వేసే ఐ-140 అనే గ్రీన్‌కార్డు పిటిషన్ ఆమోదం పొందాలి, ఆపైన వరుసలో ఎదురుచూడాలి. హెచ్-1బీ గడువు మామూలుగా ఆరేళ్లు. ఆయనకు మూడేళ్లు అయిపోయాయి. ఆరో ఏడు ముగియడానికి కనీసం ఏడాది ముందే పెర్మ్ దరఖాస్తు పడితేనో, ఐ-140 ఆమోదమైతేనో గడువు పొడిగింపు దొరుకుతుంది. ఇంకా ఏ కాగితమూ కదలకపోతే, మీరు శాశ్వత ఉద్యోగాన్ని వదిలి వెళ్లేది మూడేళ్ల నివాసం కోసమే కావచ్చు. ఈ కాగితాల నకళ్లు చూపించమనడం అనుమానించడం కాదు. ఇల్లు కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు చూడకుండా ఎవరూ అడ్వాన్సు ఇవ్వరు కదా.

ఐ-140 మరో విధంగా కూడా మీకు ముఖ్యం. హెచ్-4 మీద ఉన్నవారికి చదువుకునే వీలుంది గానీ పనిచేసే హక్కు లేదు. పని అనుమతి లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఇవ్వరు. 2015 నుంచి, భర్త ఐ-140 ఆమోదం పొందినా, లేదా ఆరేళ్ల తర్వాత పొడిగింపులో ఉన్నా భార్యకు ఈఏడీ అనే పని అనుమతి ఇస్తున్నారు. 2025 అక్టోబరు 30 నుంచి వేసిన రెన్యువల్ దరఖాస్తులకు పాత అనుమతి గడువు దానంతట అదే పెరిగే వెసులుబాటును తీసేశారు, కాబట్టి అది ఉన్నవారికి కూడా మధ్యలో ఉద్యోగం ఆగే ప్రమాదం ఉంది. ఆయన ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల వరకే వ్యవధి, అది మీకూ పాపకూ వర్తిస్తుంది. ఏడేళ్లు తరగతి గదిలో నిలబడి సొంత జీతంతో ఇల్లు నడిపిన మనిషికి, నెలల తరబడి ప్రతి డాలరు కోసం అడగవలసి రావడం ఎలా ఉంటుందో మీవారితో ముందే మాట్లాడండి. ఉమ్మడి బ్యాంకు ఖాతా, కారు నడపడం నేర్చుకోవడం, మీ పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు మీ దగ్గరే ఉండటం, ఇవన్నీ బయలుదేరే ముందే తేల్చుకోవలసినవి. డాలస్‌లో కారు లేకపోతే ఇల్లు కదలడం కష్టం.

నా సలహా ఏమిటంటే, ఈ వేసవిలో వెళ్లండి, కానీ రాజీనామా చేయవద్దు. విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి తీసుకొని, వేసవి సెలవులు మొత్తం పాపతో డాలస్‌లో గడపండి. ఆ ఇల్లు, ఆ ఊరు, ఆయన రోజూ ఇంటికి వచ్చే వేళ, అన్నీ కళ్లారా చూడండి. పాపకు తండ్రి దొరుకుతాడు, మీకు నిర్ణయానికి ఆధారం దొరుకుతుంది. ఆ తర్వాత ఐ-140 ఆమోదమై, అక్కడే ఉండాలని మీ ఇద్దరికీ అనిపిస్తే, జీతం లేని అసాధారణ సెలవుకు దరఖాస్తు చేయండి. అది ఎంతకాలం దొరుకుతుందో, సర్వీసు మీద, ఆరోగ్య పథకం మీద ఏ ప్రభావం ఉంటుందో డీఈఓ (జిల్లా విద్యాధికారి) కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోండి. సెలవు మంజూరు కాకుండా వెళ్లి అక్కడే ఉండిపోవడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు, అలా పోగొట్టుకున్న ఉద్యోగం మళ్లీ చేతికి రాదు. పాప విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి: 21 నిండితే ఆమె హెచ్-4 ముగుస్తుంది. నేటికి పదిహేనేళ్లు ఉన్నట్టు కనిపించినా, వరుస ఇంత నెమ్మదిగా నడుస్తున్నప్పుడు అది ఎక్కువ సమయం కాదు.

మీ అమ్మగారిని ఇంతవరకు ఎవరైనా అడిగారా? కూతురు ఎటు పోతే అటు వెళ్లవలసిన సామానులా ఆమె గురించి అందరూ మాట్లాడుతున్నారు. ఆమెకు బి.క్యాంపు ఇరుగుపొరుగు వదలాలని లేకపోవచ్చు; కర్నూలు నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరే బెంగళూరులో కొడుకు దగ్గర కొన్ని నెలలు ఉండటం ఆమెకు అంత కష్టంగా అనిపించకపోవచ్చు. మీ తమ్ముణ్ణి పిలిచి, ముగ్గురూ కూర్చొని, నెలకు మందులకు ఎంత, రాత్రివేళ ఆసుపత్రికి తీసుకువెళ్లేది ఎవరు, మీరు ఊళ్లో లేనప్పుడు ఖర్చు ఎవరు భరించాలి అనేవి పేర్లతో సహా తేల్చుకోండి. ఇన్నాళ్లూ ఆ భారమంతా మీ ఒక్కరిదే అయింది. అది తమ్ముడి బాధ్యత కూడా అని చెప్పడానికి సంకోచించవద్దు.

అత్తమామల మాటలకు మీరు సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఆదోనిలో జవాబు చెప్పవలసింది వారి కొడుకు. "మేమిద్దరం మాట్లాడుకున్నాం, ఈ వేసవికి వస్తోంది, ఉద్యోగం సంగతి ఐ-140 వచ్చాక చూస్తాం" అని ఆయన చేతనే ఫోన్ చేయించండి. కాగితాల నకళ్లు అడుగుతూ మీరు రాసే ఉత్తరంలోనే ఈ మాట కూడా రాయండి.