స్లొవేనియాలో క్యాంపింగ్: ఊళ్ల కంటే ముందు టెంట్ వేసే చోటు చూసుకోండి

జులైలో 10 రోజులు, ఇద్దరు పిల్లలతో, స్లొవేనియాలో టెంట్ వేసుకుని తిరగాలి, ఏయే ఊళ్లు పెట్టుకోవాలి అని అడిగారు. ఊళ్ల సంగతి చివర్లో చెప్తాను. ఆ దేశంలో మీ సెలవులు బాగా గడుస్తాయా లేదా అన్నది టెంట్ ఎక్కడ వేశారన్న దాని మీదే ఉంటుంది. ఇది నేను అనుభవించి చెప్తున్న మాట.

మేం మ్యూనిక్‌లో ఉంటాం. కొన్నేళ్ల కిందట జులైలో మా ఆవిడ, ఆరేళ్ల పాపతో కారులో స్లొవేనియాలోని సోచా నది లోయకి వెళ్లాం. బోవెట్స్ ఊరు దాటి త్రెంతా ఊరి వైపు వెళ్తుంటే నదిని ఆనుకునే ఒక క్యాంపు. సోచా నీళ్ల రంగు ఫోటోల్లో చూసి ఎవరో దిద్దారనుకునేవాణ్ణి. కాదు, ఆ ఆకుపచ్చ నిజమే. నడుం లోతు నీళ్లలో కూడా అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి. పాప నీళ్ల పక్కనే కావాలంది. నదికి పది అడుగుల్లో, మెత్తటి ఇసుక నేల మీద టెంట్ వేసేశాం.

సాయంత్రం పక్క టెంట్‌లో ఉన్న డచ్ పెద్దాయన వచ్చారు. డెబ్బై ఏళ్లుంటాయి. ఏమీ మాట్లాడకుండా నన్ను మా టెంట్ వెనకున్న పొద దగ్గరికి తీసుకెళ్లి, కొమ్మల్లో చిక్కుకున్న ఎండుగడ్డి, పుల్లలు చూపించారు. మోకాలి ఎత్తులో, అన్నీ ఒకే వైపుకి వాలి ఉన్నాయి. నాకు వెంటనే అర్థమైంది. మాది కోనసీమలో లంక ఊరు. కొబ్బరి మొదళ్ల మీద ఒండ్రు చార చూసి గత వరద ఎంత దాకా వచ్చిందో చిన్నపిల్లలు కూడా చెప్తారు మా దగ్గర. అయినా పాప నిద్రపోయింది, ఆకాశంలో చుక్కలున్నాయి, పొద్దున మారుద్దాంలే అనుకున్నాను.

రాత్రి ఒంటిగంటన్నరకి మొదలైంది. ఆ లోయలో ఉరుము ఒకసారి ఉరిమి ఊరుకోదు, ఈ కొండకీ ఆ కొండకీ తగిలి తిరిగొస్తూనే ఉంటుంది. అరగంటలో మా కింద నేల మెత్తగా కదలడం మొదలుపెట్టింది. టెంట్ అడుగున నీళ్లు చేరాయి. మా ఆవిడ పాపని దుప్పటితో సహా ఎత్తుకుని కారులోకి పరిగెత్తింది. నేను మేకులు పీకలేక తంటాలు పడుతుంటే తలకి లైటు, చేతిలో రబ్బరు సుత్తితో పెద్దాయన వచ్చేశారు. ఒక్కో మేకుని పక్కనుంచి రెండు దెబ్బలు కొట్టి వదులు చేసి లాగేశారు. ఇద్దరం చెరో వైపు పట్టుకుని, సామానుతో సహా టెంట్‌ని పల్లకీలా మోసుకుంటూ పైన మెరక మీదికి తీసుకెళ్లాం.

తెల్లారి చూస్తే సోచా బూడిద రంగులో ఉంది. గోదావరికి ఎర్రనీరు వస్తే ఎలా మారిపోతుందో అలాగే, రంగే వేరు. మేం పడుకున్న చోట అంగుళం మందాన సన్నటి ఇసుక పేరుకుంది. పాప గులాబీరంగు చెప్పు ఒకటి మళ్లీ దొరకలేదు.

ఏడ్రియాటిక్ సముద్రం మీంచి వచ్చే తేమగాలి నేరుగా జూలియన్ ఆల్ప్స్‌కి తగులుతుంది. అందుకే బోవెట్స్ చుట్టుపక్కల ఆ దేశంలోనే బాగా ఎక్కువగా వానలు పడతాయి. ఎండాకాలంలో మధ్యాహ్నం దాటితే ఉరుముల వాన మామూలే. ఆర్సో అనే ప్రభుత్వ సంస్థ వెబ్‌సైట్‌లో వాతావరణంతో పాటు నదుల నీటిమట్టం కూడా ఉంటుంది. రోజూ చూడండి.

ఇంకో మాట. నది ఒడ్డున ఒంటరిగా టెంట్ వేసుకున్న ఫోటోలు పెట్టి జనాన్ని ఊరించేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. స్లొవేనియాలో క్యాంపు బయట టెంట్ వేయడం చట్టవిరుద్ధం, జరిమానా కట్టాలి. రాత్రి పదింటి తర్వాత స్పీకర్ పెట్టి పాటలు వేసే మనవాళ్లకీ ఇదే చెప్తున్నాను, అది నిశ్శబ్దంగా ఉండాల్సిన సమయం. పక్కవాళ్లు వచ్చి అడిగే దాకా తెచ్చుకోకండి.

ఇక మీ 10 రోజులకి రెండే చోట్లు పెట్టుకోండి: సోచా లోయలో ఐదు, బోహీన్ సరస్సు దగ్గర ఐదు. రోజుకో ఊరు మారితే టెంట్ కట్టడం, విప్పడంతోనే పిల్లలు విసిగిపోతారు. సోచా నీళ్లు జులైలో కూడా వణికిస్తాయి, పిల్లలు ఈదాలంటే బోహీనే మేలు. మధ్యలో వర్షిచ్ కనుమ మీంచి వెళ్లండి. 1,611 మీటర్ల ఎత్తు, 50 మలుపులు, ప్రతి మలుపుకీ నంబరు బోర్డు ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యన్ ఖైదీలతో వేయించిన రోడ్డది. 1916లో మంచుచరియ పడి చనిపోయినవాళ్ల గుర్తుగా దారిలో చిన్న చెక్క ప్రార్థనామందిరం ఉంది, ఐదు నిమిషాలు ఆగండి. ఆ దేశంలోకెల్లా ఎత్తైన శిఖరం త్రిగ్లవ్, 2,864 మీటర్లు. పేరుకి అర్థం మూడు తలలు, ఆ 'త్రి' మన త్రి లాంటిదే. పిల్లలకి చెప్తే సంబరపడతారు.

హైవే ఎక్కేట్టయితే విన్యెట్, అంటే టోల్ పాస్, ఆన్‌లైన్‌లో ముందే కొనేయండి. క్యాంపుకి చేరాక రిసెప్షన్‌లో ఒక్క ప్రశ్న అడగండి: గట్టిగా వాన పడితే నీళ్లు ఎంత దాకా వస్తాయి? ఆ తర్వాత మీరే వెళ్లి పొదల్లో ఎండుగడ్డి ఎంత ఎత్తులో చిక్కుకుని ఉందో చూసి, అంతకంటే పైన వేసుకోండి.