ఆకాశాన్ని సర్వే చేసే టెలిస్కోపుల డేటాను ఎలా ప్రాసెస్ చేస్తారు, ఎక్కడ దాస్తారు? కంప్యూటర్స్ చదివినవాళ్లకు అందులో పని దొరుకుతుందా?

అడిగినవారు ఇంజనీరింగ్ మూడో ఏడాది అని రాశారు. రోజూ టెరాబైట్ల కొద్దీ వచ్చే ఫొటోలను ఏం చేస్తారు, మనలాంటివాళ్లను ఆ పనిలోకి తీసుకుంటారా అని ప్రశ్న. నేను చేసేది ఈ పనే. తిరుపతిలో, బైరాగిపట్టెడలో మేడ మీద గదిలో కూర్చుని చేస్తాను. ఈ ముక్క చెప్తే మా బంధువులు "షార్‌లోనా, గాదంకిలోనా?" అని అడుగుతారు. షార్‌లో రాకెట్లు ఎగరేస్తారు, గాదంకి రాడార్ చూసేది మన గాలినీ వాతావరణాన్నీ. నేను రెండిట్లోనూ లేను. అదేం ఉద్యోగమో ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం ఎప్పుడో మానేశాను, మీకు చెప్పి చూస్తాను.

ముందు ఆ టెరాబైట్ల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ అడిగేది అదొక్కటే. చిలీలో సెర్రో పచోన్ కొండ మీద రూబిన్ అబ్జర్వేటరీ ఉంది. అద్దం 8.4 మీటర్లు, కెమెరా 3,200 మెగాపిక్సెళ్లు. 2025 జూన్‌లో మొదటి ఫొటోలు బయటపెట్టారు. రాత్రికి సుమారు 20 టెరాబైట్లు వస్తుంది. అది కాలిఫోర్నియాకు వెళ్తుంది, ఫ్రాన్స్‌లోనూ బ్రిటన్‌లోనూ కూడా ప్రాసెసింగ్ జరుగుతుంది. ఆకాశంలో ఏ చుక్క వెలుగు మారినా, ఏది కదిలినా అలర్ట్ పోవాలి. రాత్రికి కోటి దాకా అలర్ట్‌లు పంపేలా కట్టారు. వినడానికి భయంగా ఉంటుంది గానీ, డిస్కులు డబ్బు పెడితే వస్తాయి, నెట్ కూడా డబ్బు పెడితే వస్తుంది. అమెరికాలో స్లోన్ అనే ఆకాశ సర్వే మొదలైన రోజుల్లో న్యూమెక్సికో కొండ మీద తీసిన డేటాను టేపుల్లో నింపి షికాగో దగ్గరి ఫెర్మీల్యాబ్‌కు కొరియర్‌లో పంపేవాళ్లు. వాళ్ల పని ఆగలేదు కదా. టేపులంటే నవ్వేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పెద్ద ఆర్కైవ్‌లలో ఇప్పటికీ టేపులున్నాయి. కరెంటు తాగవు, అల్మారాలో పడుంటాయి, అనుమానం వచ్చినప్పుడు తీసి చూసుకోవచ్చు.

ప్రాసెసింగ్ అంటారా, అది పుస్తకాల్లో ఉంది. కెమెరా సొంత గోలను ఫొటోలోంచి తీసేస్తారు, పిక్సెల్‌కీ పిక్సెల్‌కీ ఉన్న తేడా సరిచేస్తారు. గయా అనే ఉపగ్రహం కొలిచిన నక్షత్రాల కేటలాగ్‌తో పోల్చి ఏ పిక్సెల్ ఆకాశంలో ఏ చోటో లెక్కగడతారు. పాత ఫొటోను కొత్త ఫొటోలోంచి తీసివేస్తే మారినవి మిగులుతాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం చెత్తే. ఉపగ్రహాల గీతలు, కాస్మిక్ కిరణాలు, తీసివేత సరిగా కుదరని అంచులు. ఆ చెత్తను ఏరడానికి మెషిన్ లెర్నింగ్ వాడతారు. మీ కాలేజీవాళ్లు మీకు నేర్పేది ఈ ఒక్క మెట్టే. దాని పేరు చెప్పి బస్టాండు చుట్టూ హోర్డింగులు పెట్టి లక్షలు గుంజుతున్నారు. అది వేరే బాధ.

అసలు కష్టం ఫొటోలో ఉండదు, ఫొటో నెత్తిన ఉన్న నాలుగు లైన్లలో ఉంటుంది. ఖగోళంవాళ్లు ఫొటోలు దాచే పద్ధతి ఫిట్స్, 1981 నుంచి అదే. ప్రతి ఫైలు మొదట్లో హెడర్, అందులో ఒక్కో లైను సరిగ్గా 80 అక్షరాలు. పంచ్‌కార్డుల కాలం నాటి కొలత అది, ఇప్పటికీ మార్చలేదు. మార్చకపోవడమే దాని గొప్ప. ఆనాటి ఫైలు ఈరోజు నా ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటుంది. హెడర్లో ఎటు చూసి తీశారు, ఎంతసేపు తీశారు, ఎప్పుడు తీశారు అని ఉంటుంది. ఆ 'ఎప్పుడు' తప్పయితే మిగతాదంతా ఉత్త అందమైన బొమ్మే.

కొంతకాలం కిందట మన దక్షిణాదిలోనే ఉన్న ఒక చిన్న సర్వే టెలిస్కోపు పాత డేటా నా చేతికొచ్చింది. సంస్థ పేరు చెప్పను, అక్కడికి పోతే నాకు ఇప్పటికీ టీ ఇస్తారు. డేటా వచ్చిందంటే నెట్‌లో వచ్చిందనుకోకండి. బట్టల షాపు కవర్లో చుట్టిన హార్డ్ డిస్కులు. మీద మార్కర్‌తో 'న్యూ', 'న్యూ 2', 'ఫైనల్', 'ఫైనల్ కాపీ'. ఒకదాని మీద 'డోంట్ టచ్' అని మాత్రం ఉంది. అందులో ఎవరిదో పెళ్లి వీడియో.

ఒక రాత్రి తీసిన ఫొటోల హెడర్లు వరసగా పరిచి చూస్తున్నాను. 23:51, 23:54, 23:57, ఆ తర్వాతి ఫైలుకు తేదీ మారింది. అర్ధరాత్రి తేదీ మారితే వింతేముంది అంటారా? మారకూడదు. హెడర్లో రాయాల్సింది యూటీసీ, అంటే ప్రపంచమంతా ఉమ్మడిగా వాడే టైము. మనకు రాత్రి ఏడైతే యూటీసీలో మధ్యాహ్నం ఒకటిన్నర. మనకు తెల్లవారుజామున అయిదున్నరకు గానీ అక్కడ తేదీ మారదు. కాబట్టి ఇండియాలో ఒక రాత్రి తీసిన ఫొటోలకు దాదాపు అన్నిటికీ ఒకే తేదీ ఉండాలి. ఇక్కడ రాత్రి నడిమికి తెగిపోయింది. అంటే కంప్యూటర్ గడియారం మన టైములో ఉంది, హెడర్ మాత్రం యూటీసీ అని చెప్తోంది.

సరే, నమ్మకం కోసం ఆ టైముకు టెలిస్కోపు ఎంత ఎత్తున చూస్తోందో లెక్క వేశాను. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, అయిదున్నర గంటలకు 82.5 డిగ్రీలు. మనం స్కూల్లో బట్టీ పట్టిన 82.5 తూర్పు రేఖాంశం ఇదే. ఆ లెక్క ప్రకారం పడమటి వైపు చూసిన ఫొటోలన్నీ దిగంతం కింద తీసినట్టు వచ్చాయి. టెలిస్కోపు నేలలోకి చూసి నక్షత్రాలు ఫొటో తీసిందన్నమాట.

అన్ని రాత్రులూ అలాగే ఉంటే పండగే, ఒక్క తీసివేతతో పోయేది. కొన్ని రాత్రులు సరిగ్గా ఉన్నాయి. కొన్ని రాత్రుల్లో సగం సరిగ్గా, సగం తప్పు. అక్కడ పనిచేసి రిటైరైన టెక్నీషియన్ ఒకాయన పలమనేరు వైపు ఉంటారని తెలిసి ఫోన్ చేశాను. "అప్పుడంతా కరెంటు పోతానే ఉన్నింది సార్. పోయి వస్తే పీసీలో టైము యాడికో పొయ్యేది. చేతి వాచీ చూసి పెట్టేవాళ్లం" అన్నారు. మదర్‌బోర్డు మీద బటన్ బ్యాటరీ అయిపోయింది, అదీ సంగతి. కెమెరాకు పెట్టిన డబ్బు ముందు ఆ బ్యాటరీ ఖరీదు ఎంత? కొనడానికి ఫైలు ఎక్కడో ఆగి ఉంటుంది. ఆయన పుణ్యమా అని లాగ్ పుస్తకం ఉంది. నీలం సిరా. 'కరెంటు లేదు 1.10 నుంచి. 1.45కు వచ్చింది. టైము పెట్టినాము. మబ్బు.' పుస్తకం పుస్తకమంతా ఇలాంటి లైన్లే. ఆ డిస్కులన్నిటి కంటే నాకు ఎక్కువ పనికొచ్చింది ఆ పుస్తకం.

ఇంతలో ఇంకో చిక్కు బయటపడింది. నాకంటే ముందు ఎవరో స్టూడెంట్ ఈ తప్పు కనిపెట్టి, కొన్ని డిస్కుల్లోని ఫైళ్లకు అయిదున్నర గంటలు తగ్గించి, వాటి మీదే సేవ్ చేసి వెళ్లిపోయాడు. ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. పిక్సెళ్ల చెక్‌సమ్ (రెండు డేటాలు ఒకటేనా కాదా అని తేల్చే అంకె) తీసి చూస్తే ఒకే ఫొటో 'ఫైనల్'లో ఒక టైముతో, 'న్యూ 2'లో ఇంకో టైముతో ఉంది. మొదటి నుంచీ సరిగ్గా ఉన్నవాటిని కూడా దిద్దేశాడు, అవి ఇప్పుడు వెనక్కి పోయాయి. ఇక హెడర్‌ను చూసి ఇది అసలా, దిద్దినదా అని చెప్పే దారి లేదు.

పైగా చేతి వాచీతో పెట్టిన టైముకు నిమిషాల తేడా ఉంటుంది కదా. దానికి ఆస్టరాయిడ్లను పట్టుకున్నాను. గురుడికీ కుజుడికీ మధ్య తిరిగేవాటిలో నంబర్లు ఇచ్చినవాటి దారులు బాగా కచ్చితంగా తెలుసు. అవి ఆకాశంలో నిమిషానికి అర ఆర్క్‌సెకండు అటూ ఇటూగా కదులుతాయి (ఆర్క్‌సెకండంటే డిగ్రీలో 3,600వ వంతు). ఫొటోలో అది ఎక్కడుందో కొలిస్తే, ఆ చోట అది ఏ నిమిషంలో ఉండాలో ఎదురు లెక్క కట్టొచ్చు. ఒకే ఫొటోలో నాలుగైదు దొరికితే టైము తేలిపోతుంది. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఆనందం కలిగిన వారం అదే.

టైములు తేలాక గొడవ మొదలైంది. అక్కడి సార్ "సరైన టైము దొరికింది కదా, స్క్రిప్టు నడిపి ఫైళ్లన్నీ దిద్దేయండి, పాతవి డిలీట్ చేసేయండి, చోటు కలిసొస్తుంది" అన్నారు. నేను చెయ్యనన్నాను. ఆ వారం చిత్తూరులో మా మేనమామ ఇంటికి పోతే ఈ కోపం ఆయన మీద వెళ్లగక్కాను. ఆయన రిజిస్టర్ ఆఫీసు ముందర ఏళ్ల తరబడి దస్తావేజులు రాశారు. అంతా విని, "ఏముందిరా అల్లుడూ దాంట్లో. వైట్నర్ పూసినావంటే ఆ దస్తావేజు ఎవుడు నమ్ముతాడు? కొట్టేసింది కనపడాల, పక్కన రాసింది కనపడాల, ఏ లైన్లో ఏం కొట్టేసినామో ఆఖర్లో రాసి సంతకం పెట్టాల" అన్నారు. ఫిట్స్‌లో సరిగ్గా దీనికోసమే 'హిస్టరీ' అనే లైను ఉంది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో అందులో రాయొచ్చు. రాసేవాళ్లే తక్కువ.

చివరికి నేను అనుకున్నట్టే జరిగింది. దిద్దని కాపీలను ఏరి, చెక్‌సమ్ వేసి, రాయడానికి వీల్లేకుండా లాక్ చేసి రెండు చోట్ల పెట్టాం. సరైన టైములు వేరే పట్టికలో, వెర్షన్ నంబరుతో. కొన్నాళ్లకు కెమెరా షట్టర్ తెరుచుకోవడంలోనూ కొంచెం ఆలస్యం ఉందని తేలింది. పట్టికలో ఒక కాలమ్ మార్చాం, ఆ మధ్యాహ్నమే పని అయిపోయింది. ఆ సార్ ఇప్పుడు ఇదే పద్ధతిని మీటింగుల్లో తన ఐడియాగా చెప్తున్నారు. చెప్పనీండి.

ఇదేదో చాదస్తం అనుకునేవాళ్లకు హైదరాబాద్ సంగతి చెప్పాలి. 1887లో ప్యారిస్‌లో కూర్చుని ఆకాశమంతా ఫొటోలు తీద్దామని దేశాలు వాటాలు పంచుకున్నాయి. చిలీలోని శాంటియాగోకు ఇచ్చిన ఒక వాటా చివరికి మన నిజామియా అబ్జర్వేటరీకి వచ్చింది. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ అది. గాజు పలకల మీద ఫొటోలు తీసి, ఒక్కో నక్షత్రాన్నీ కొలిచి, సంపుటాలుగా అచ్చు వేశారు. ఆ ప్రాజెక్టు మొత్తాన్ని చాలాకాలం వృథా ప్రయాస అన్నారు. 2000లో టైకో-2 కేటలాగ్ వచ్చింది. 25 లక్షల నక్షత్రాలు ఎటు, ఎంత వేగంగా జరుగుతున్నాయో అందులో ఉంది. అది ఎలా తేలిందంటే, ఉపగ్రహం కొలిచిన చోట్లను ఆ పాత పలకల మీది చోట్లతో పోల్చి, మధ్యలో గడిచిన ఏళ్లతో భాగించారు. హైదరాబాద్‌లో పలక మీద తేదీ తప్పు వేసి ఉంటే ఆ భాగహారం ఏమయ్యేదో ఆలోచించండి.

హార్వర్డ్‌లో అయిదు లక్షలకు పైగా గాజు పలకలున్నాయి. వాటిని స్కాన్ చేసేటప్పుడు గాజు మీద పాతకాలపు మహిళా ఖగోళవేత్తలు సిరాతో రాసుకున్న గుర్తులను చాలా పలకల మీద తుడిచేశారు. సిరా ఉంటే కింద నక్షత్రాలు కనపడవు మరి. తుడిచేముందు గుర్తులను ఫొటో తీశారు, నిజమే. అయినా నాకు మింగుడుపడలేదు. మా మామకు చెప్తే అసలు నమ్మనే లేదు.

రూబిన్‌వాళ్లు కూడా ఏటా ఒక రిలీజు అనుకుని, ప్రతిసారీ మొదటి రోజు నుంచీ ఉన్న ఫొటోలన్నిటినీ కొత్త సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ ప్రాసెస్ చేసేలా ప్లాన్ చేశారు. ముడి ఫైళ్లు ఉంటేనే అది కుదిరేది.

ఇక ఉద్యోగాల మాట. ఉన్నాయి, కానీ 'డేటా సైంటిస్ట్' అని వెతికితే దొరకవు. పైప్‌లైన్ ఇంజనీర్, ఆర్కైవ్, సైంటిఫిక్ ప్రోగ్రామర్ అని వెతకండి. షార్ నుంచి 2015లో పోయిన ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్ డేటాను బెంగళూరు దగ్గర బ్యాలాలులో దాస్తున్నారు. పుణె దగ్గర జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపు ఉంది. ఎస్‌కేఏ రేడియో టెలిస్కోపు ప్రాజెక్టులో మన దేశం సభ్యురాలు. పైథాన్, డేటాబేస్, లినక్స్ వస్తే ఖగోళశాస్త్రం పనిలో పడి నేర్చుకోవచ్చు. షాపులో ప్రాజెక్టు రిపోర్టు కొనే బదులు, 2001లో కంప్యూటర్ శాస్త్రవేత్త జిమ్ గ్రే, ఖగోళవేత్త అలెక్స్ సలాయ్ స్లోన్ డేటా కోసం జనానికి తెరిచిపెట్టిన స్కైసర్వర్‌లో క్వెరీలు రాసి చూడండి. కాలిఫోర్నియాలోని పాలొమార్‌లో 2018లో మొదలైన జడ్‌టీఎఫ్ ఆకాశ సర్వే పబ్లిక్ డేటా కూడా ఉచితమే, దాన్ని రెండో అడుగుగా పెట్టుకోండి. స్కైసర్వర్‌కు లాగిన్ కూడా అక్కర్లేదు. క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్ రాకపోతే పాఠాలు అక్కడే ఉన్నాయి, ఇంగ్లీషులో.