స్కానింగ్‌లో రాయి కనిపించనంత మాత్రాన

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. పైకడుపు నొప్పితో వచ్చిన పేషెంటుకు రక్తంలో లైపేస్ (క్లోమం తయారుచేసే ఎంజైమ్) బాగా పెరిగింది, స్కానింగ్‌లో పిత్తాశయపు రాళ్లు కనిపించలేదు, అప్పుడప్పుడు తాగుతాడని ఇంట్లోవాళ్లు చెప్పారు, మరి కేసు షీటులో ‘మద్యం వల్ల’ అని పెట్టేయవచ్చా అని అడిగావు. అంత తొందర వద్దమ్మా. పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు జబ్బు) అని తేల్చడం పెద్ద పని కాదు. వీపులోకి పాకే నొప్పి, మామూలు కంటే మూడు రెట్లు దాటిన అమైలేస్ (ఇదీ క్లోమం ఎంజైమే) లేదా లైపేస్, స్కాన్‌లో క్లోమం వాపు, వీటిలో ఏ రెండున్నా చాలు. ఎందుకు వచ్చిందో తేల్చడమే అసలు పని. లైపేస్ అంకె ఎంత పెద్దదైనా ఆ సంగతి చెప్పదు.

మగవాడు వస్తే మందు, ఆడమనిషి వస్తే రాళ్లు అని గుమ్మంలోనే తీర్పు చెప్పేసే డాక్టర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పండక్కో పబ్బానికో తాగే మనిషి పిత్తాశయంలో రాళ్లు ఉండకూడదా? మద్యాన్ని కారణంగా చూపాలంటే ఏళ్ల తరబడి గట్టిగా తాగిన చరిత్ర ఉండాలి. ఆ లెక్క కూడా పేషెంటు ఒంటరిగా ఉన్నప్పుడే అడుగు. భార్య పక్కన ఉంటే సగానికి సగం తగ్గించి చెబుతారు.

ఇక, రాయి ఎందుకు దొరకదు? బాల్టిమోర్‌లో యూజీన్ ఓపీ 1901లోనే శవపరీక్షలో చూపించాడు: పిత్తనాళం, క్లోమనాళం కలిసి పేగులోకి తెరుచుకునే చోట చిన్న రాయి ఇరుక్కుని ఉంది. కానీ బతికున్న పేషెంట్లకు ఆపరేషన్ చేస్తే చాలాసార్లు అక్కడ ఏమీ ఉండేది కాదు. 1974లో అర్జెంటీనా సర్జన్లు అకోస్టా, లెడెస్మా ఎవరూ చేయడానికి ఇష్టపడని పని చేశారు. పేషెంట్ల మలాన్ని జల్లెడ పట్టారు. రాళ్ల వల్ల పాంక్రియాటైటిస్ వచ్చిన 36 మందిలో 34 మందికి మలంలో రాళ్లు దొరికాయి. రాళ్లుండీ ఆ జబ్బు రానివాళ్లు 36 మందిని చూస్తే ముగ్గురికే దొరికాయి. అంటే రాయి కాసేపు అడ్డం పడి, చేయాల్సిన నష్టం చేసి, పేగులోకి జారిపోతుంది. నువ్వు వెతికే వేళకు నాళం ఖాళీ.

కాబట్టి పేషెంటు వచ్చిన గంటలోనే లివర్ పరీక్షలకు రక్తం పంపు. నొప్పి మొదలైన 48 గంటల్లోపు ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 150 దాటితే రాయే కారణమని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. కామెర్ల వైరస్ లాంటివి లేవని మాత్రం చూసుకో. రాయి జారిపోయాక ఆ అంకె వేగంగా పడిపోతుంది, మర్నాడు రౌండ్స్ తర్వాత చూద్దామంటే కుదరదు. చాలామంది మన దగ్గరికి రాకముందే గ్యాస్ నొప్పి అనుకుని ఎక్కడో ఒకచోట ఇంజెక్షన్ చేయించుకుని వస్తారు. అక్కడ చేసిన రక్తపరీక్ష కాగితం అడిగి తెప్పించు, ఒక్కోసారి జవాబంతా అందులోనే ఉంటుంది. ఎస్‌జీపీటీ మామూలుగా ఉన్నా రాయి లేదని కొట్టేయకు. ఆ రక్తంలోనే ట్రైగ్లిజరైడ్లు (ఒక రకం కొవ్వు), కాల్షియం కూడా చూడమను. ట్రైగ్లిజరైడ్లు 1000 దాటితే కారణం అవే కావచ్చు, పైగా అవీ ఉపవాసంతో తగ్గిపోతాయి.

మొదటి రోజు అల్ట్రాసౌండ్‌ను పూర్తిగా నమ్మవద్దు. పేగులు కదలక గ్యాస్‌తో ఉబ్బి ఉంటాయి, పిత్తనాళం కింది భాగం ఆ గ్యాస్ వెనక దాక్కుంటుంది. రిపోర్టు చదివి ఊరుకోక రేడియాలజిస్టు దగ్గరికి వెళ్లి అడుగు: పిత్తాశయం పూర్తిగా కనిపించిందా, నాళం వెడల్పు ఎంత, అడుగున మడ్డి ఉందా? అయిదు మిల్లీమీటర్లలోపు రాళ్లే నాళంలోకి సులువుగా దిగుతాయి, కంటికి తప్పిపోయేవీ అవే. నొప్పి తగ్గాక పరగడుపున మళ్లీ చేయించు. సీటీలో రాళ్లు లేవన్న మాటకు విలువ ఇవ్వకు. కొలెస్ట్రాల్ రాళ్లు చాలావరకు అందులో పైత్యరసంలో కలిసిపోయి కనిపించవు. ఎంఆర్‌సీపీ (ఎంఆర్‌ఐతో పిత్తనాళాలను చూసే స్కాన్) మంచిదే గానీ చిన్న రాళ్లు దానికీ తప్పుతాయి. అప్పటికీ కారణం దొరక్కపోతే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (నోటి గుండా గొట్టం పంపి లోపలి నుంచి చేసే స్కాన్) ఉన్న చోటికి పంపు. కారణం వెతకడానికని ఈఆర్‌సీపీ (నోటి గుండా గొట్టం వేసి పిత్తనాళంలోకి వెళ్లే పద్ధతి) మాత్రం చేయించవద్దు, దానివల్లే పాంక్రియాటైటిస్ రావచ్చు. జ్వరం, కామెర్లు కలిసి వచ్చి నాళంలో ఇన్ఫెక్షన్ అని తేలితే అది వేరే మాట. అర్ధరాత్రయినా మీ ప్రొఫెసర్‌ను లేపు, 24 గంటల్లోపు ఈఆర్‌సీపీతో దారి తెరవాలి.

ఇంత పట్టుదల ఎందుకంటావేమో. రాయే కారణమైతే పిత్తాశయం తీసేయాలి, జబ్బు తేలికపాటిదైతే ఇంటికి పంపకముందే తీయాలి. 2015లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో తర్వాత రమ్మని పంపినవాళ్లలో 17 శాతం మంది రాళ్ల బాధలతో తిరిగొచ్చారు లేదా చనిపోయారు. వెంటనే ఆపరేషన్ చేసినవాళ్లలో అది 5 శాతమే. మద్యమని పెట్టేస్తే నీ పేషెంటుకు ఆ ఆపరేషన్ దక్కదు, తాగడం మానేసి కూడా మళ్లీ వస్తాడు.

ప్రస్తుతానికి షీటులో ‘కారణం ఇంకా తేలలేదు’ అని ఉంచు. నీ ఉత్తరంలో ఎస్‌జీపీటీ ఊసే లేదు. చేశారో లేదో కనుక్కుని, ఏ రోజు ఏ గంటకు తీసిన రక్తమో కూడా చూసి నాకు ఫోను చెయ్యి.

మామయ్య